పదో గది గడియ

“ఆ గోడౌను కప్పు కూలి నీ నెత్తిన పడితే ఎట్టా?” అంది పేరంటాలు ఫోనులో.

అవతలి నుంచి జవాబు లేదు. ఉండదని ఆమెకు తెలుసు. ఏడేళ్ళుగా రోజూ సాయంత్రం ఆరింటికి ఆమె ఫోను చేస్తుంది, ఇందు ఎత్తుతుంది, ఒక్క మాట మాట్లాడదు. ఒక్కోసారి వెనకాల రైలు కూత వినపడుతుంది. ఒక్కోసారి ఎవరో దగ్గుతారు. ఆ దగ్గు ఇందుదే అయి ఉంటుందని, అది మామూలు దగ్గు అయి ఉండదని పేరంటాలుకు ఆ పూట అన్నం దిగదు.

“సరే, కప్పు గట్టిదే అనుకో. పాత గోడౌను కదా, పాములుండవా? పాములు లేవనుకో, అసలు ఊరికే గదులెందుకిస్తన్నారు? అందర్నీ ఒకచోట చేర్చి, లారీ ఎక్కించి, ఏ అడివిలోనో దింపి వస్తే? నీకసలే దోమలు పడవు.”

ఇంతకీ ఆమె ఫోను చేసింది ఆ గదిలో చేరమని బతిమాలడానికి.

అంతకు గంట ముందే తెనాలి నుంచి అచ్చమ్మ ఫోను చేసింది. అచ్చమ్మది కొలకలూరు. అరవయ్యేళ్ళుంటాయి. ఇందు లాంటి పదిమంది ట్రాన్స్‌జెండర్లకు పెద్దదిక్కు. రైళ్ళలోనూ షాపుల ముందూ చప్పట్లు కొట్టి అడిగే ఆ జట్టులో ఆమె మాటకు ఎదురు లేదు.

“పేరంటాలూ, నేను అచ్చమ్మని. నీ కూతురు నన్ను అమ్మా అంటది, నువ్వేం ఉడుక్కోబాక. మాకు పసుపు గోడౌన్లో గదులిచ్చారు. అందరం చేరాం. అది మాత్రం స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర బెంచీ ఉంది చూడు, దాని మీంచి కదలనంటంది. శుక్రవారం సాయంత్రంలోగా రాకపోతే పేరు కొట్టేసి తర్వాతోళ్ళకి ఇచ్చేస్తారంట. నేను తిట్టాను, కొట్టాను, యేసయ్య మీద ఒట్టు కూడా పెట్టాను. వినలా. అది నోరు మూసుకుని కూర్చుని వినేది నీ మాటలొక్కటే. గంటైనా చెవికి ఫోను తియ్యదు. నువ్వు చెప్పు.”

అలా వింటుందన్న సంగతి పేరంటాలుకు ఆ రోజే తెలిసింది. ఫోను ఎత్తి పక్కన పడేసి అట్లు పోసుకుంటుందేమో అనుకునేది ఇన్నాళ్ళూ. ఆరు కొట్టేదాకా కూర్చుని, గదిలో చేరమని చెప్పడానికి నాలుగు మంచి మాటలు కూడబలుక్కుంది. తీరా ఇందు ఫోను ఎత్తేసరికి ఆ నాలుగూ ఎటు పోయాయో పోయి, కప్పు కూలింది.

ఇందు ఒకప్పుడు నాగశివ. రేపల్లె అవతల, సముద్రం వైపు ఉన్న పల్లెపాలెంలో మస్తానయ్యకూ పేరంటాలుకూ ఒక్కగానొక్క కొడుకు. ఏడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి, నా పేరు ఇందు అంది. మస్తానయ్య ఆమె పెట్టె తీసుకెళ్ళి వీధిలో పెట్టాడు. పడవ మీద పనిచేసే మనిషి, మాటల మనిషి కాదు. విసిరికొట్టను కూడా లేదు, పెట్టాడు. ఇందు తండ్రి వైపు చూడలేదు. తల్లిని అడిగింది, “అమ్మా, నువ్వేమంటావు?” అని.

పేరంటాలు ఏదన్నా అనుండొచ్చు. తిట్టినా సరిపోయేది. “పక్కింటోళ్ళు చూస్తన్నారు, లోపలికన్నా రా, బయటికన్నా పో” అంది. పక్కింటి వాళ్ళు ఆ వేళ ఇంట్లోనే లేరు, నిజాంపట్నం పెళ్ళికి పోయారు. ఇందు బయటికి పోయింది. తల్లితో ఆమె మాట్లాడిన ఆఖరి మాట ఆ ప్రశ్నే.

ఏడేళ్ళుగా ఫోనులో పేరంటాలు ఆమెను ‘రా’ అనాలో ‘వే’ అనాలో తెలియక రెండూ మానేసింది. పేరు పెట్టి పిలవడానికి నోరు రాదు. ‘ఇదుగో’ అంటుంది. ఏడేళ్ళు ‘ఇదుగో’ తోనే గడిచిపోయాయి.

తెనాలి ఊరు చేస్తున్న పని గురించి కూడా చెప్పాలి. ఈ ఏడాది ముగిసేలోగా ఊళ్ళో ఒక్క ట్రాన్స్‌జెండర్ కూడా ఆరుబయట పడుకోకూడదని పెద్దలు పూనుకున్నారు. మొదట ఇళ్ళ యజమానుల్ని పిలిచి, మీ గదులు అద్దెకివ్వండి, మేం పూచీ అన్నారు. యజమానులు ఒకరి తర్వాత ఒకరు లేచి ఈ పథకం చాలా గొప్పదన్నారు. పక్క వీధిలో అయితే ఇంకా గొప్పగా ఉంటుందన్నారు. ఒకాయనైతే, “మా కొత్తింటి గృహప్రవేశానికి వీళ్ళే వచ్చి దిష్టి తీశారండీ. దీవించారు, భోంచేశారు. అంత శుభంగా వచ్చినోళ్ళు అంతే శుభంగా వెళ్ళిపోవాలి కదండీ, ఉండిపోతే ఎట్టా?” అని న్యాయం అడిగాడు. మీటింగులో సమోసాలు అయిపోయాయి గాని ఒక్క గదీ తేలలేదు. చివరికి ఊరి చివర, దుగ్గిరాల పసుపు ఒకప్పుడు నిలవుంచిన పాత గోడౌను ఖాళీగా పడుంటే, దాన్ని పది గదులు చేశారు. తొమ్మిది నిండాయి. పదోది ఇందుది.

శుక్రవారం పొద్దున్నే పేరంటాలు చీర మార్చుకుంది. కళ్ళు మసకేస్తున్నాయి, తెనాలిలో డాక్టరుకు చూపించుకొస్తానని మొగుడితో చెప్పింది. మస్తానయ్య వల బాగుచేసుకుంటూ తలెత్తలేదు.

“కళ్ళ డాక్టరు గోడౌన్లో ఉంటన్నాడా ఏంటి?”

పేరంటాలు గతుక్కుమంది. “నీకెవరు చెప్పారు?”

“నీ ఫోను మాటలు నిజాంపట్నం రేవు దాకా వినపడతయ్. పో, రైలు పోయిద్ది.”

పేరంటాలుకు ఒక అలవాటుంది. ఐదో తరగతి దాకా చదివిన చదువును ఆమె ఇన్నేళ్ళూ మర్చిపోకుండా కాపాడుకున్నది దీని కోసమే. ఎక్కడికి పోయినా గుడ్డ సంచిలో చిన్న నోటు పుస్తకమూ పెన్నూ ఉంటాయి. ఎక్కిన ఆటో నంబరు, ఎదురుగా కూర్చున్న మనిషి చొక్కా రంగు, పుట్టుమచ్చ ఉంటే ఏ పక్క ఉందో అదీ రాసుకుంటుంది. తనకేదన్నా జరిగితే పోలీసులకు ఆధారం దొరకాలి కదా. ఆ పుస్తకం నిండా హంతకులే. ఇంతవరకూ ఒక్కడూ పనిలోకి దిగలేదు. రేపల్లె నుంచి తెనాలి చేరేలోగా ఇంకో ముగ్గురు చేరారు. అందులో ఒకాయన దారంతా ఆమెకు జామకాయ కోసి ఇవ్వబోయిన రిటైరైన మేష్టారు.

తెనాలి స్టేషన్లో దిగాక ఆమె ప్లాట్‌ఫారం చివరికి చూడలేదు. కొంగు తల మీద కప్పుకుని, దొంగలా గేటు దాటింది. ముందు ఇల్లు చూడాలి. పిల్లనిచ్చేటప్పుడు కూడా ముందు ఇల్లు చూసొచ్చాకే కదా మాటా మంచీ. ఏడేళ్ళ తర్వాత మొహం చూపిస్తూ, ఆ ఇల్లెట్టా ఉందో కూడా తెలియకుండా చేరమని ఏ నోటితో చెప్తుంది? సాయంత్రం దాకా టైముంది.

గోడౌను గేటు దగ్గర ఒక కొత్త మోటారు సైకిలు ఆగి ఉంది. పేరంటాలు ముందు దాని నంబరు రాసుకుంది. లోపలికి పోయాక తననెవరన్నా చంపి పసుపు బస్తాలో కుట్టేస్తే మొదటి అనుమానం ఈ బండి మీదకే పోవాలి.

బండి కాంట్రాక్టరు మోహనకృష్ణది. గోడౌనును గదులు చేసింది అతనే. వరండాలో కూర్చుని ఇడ్లీ తింటూ ఈ దృశ్యం చూశాడు. ప్రభుత్వం పనులు జరిగిన చోటికి పల్లెటూళ్ళ ఆడవాళ్ళు వచ్చి తనిఖీ చేసి పోతుంటారు. జనం దాన్ని ఆడిట్ అంటారు. ఆ వచ్చేవాళ్ళు ఎలా ఉంటారో అతనికి బాగా తెలుసు. గుడ్డ సంచి, నోటు పుస్తకం, ఎవర్నీ నమ్మని కళ్ళు. త్వరలో వస్తారని కబురు కూడా ఉంది. ఇడ్లీ గొంతులో అడ్డం పడింది.

“రండి మేడమ్, రండి. ఎక్కణ్ణుంచండీ?”

“రేపల్లె.”

వేరే జిల్లా వాళ్ళనే పంపిస్తారని అతను విన్నాడు. రేపల్లె ఇప్పుడు వేరే జిల్లానే. ఇంక అనుమానం లేదు.

“కూల్‌డ్రింకు తెప్పించమంటారా?”

కూల్‌డ్రింకులో మత్తుమందు కలిపి ఇస్తారని పేరంటాలు టీవీలో చూసింది. “నాకేం వద్దు. మంచినీళ్ళు కూడా వద్దు,” అంది.

మోహనకృష్ణకు చెమట పట్టింది. ఇరవయ్యేళ్ళ కాంట్రాక్టుల్లో కూల్‌డ్రింకు వద్దన్న మనిషిని చూడలేదు అతను. కుర్చీ లాగి వేశాడు. ఆమె కుర్చీ కాళ్ళు నాలుగూ ఊపి చూసి, కూర్చోలేదు.

“ఈ కప్పు ఎప్పుడు కూలిద్ది?”

“అయ్యో, కూలదండీ!”

“కూలదని ఎవరు చెప్పారు?”

“ఇంజనీరు గారు చూసి సంతకం పెట్టారండి.”

“ఆయన దీని కింద పడుకుంటాడా?”

మోహనకృష్ణ దగ్గర దానికి సంబంధించిన కాగితం ఏదీ లేదు.

పేరంటాలు లోపలికి నడిచింది. గోడను అరిచేత్తో చరిచింది. ఎన్నేళ్ళ పసుపో, గోడల్లో ఇంకిపోయి, సున్నం వేసినా ఆగక, కొట్టిన ప్రతిచోటా పొడిపొడిగా రాలింది. నాలుగు గోడలు చరిచేసరికి ఆమె మొహం, మెడ, చేతులు పేరంటానికి పిలిచి పసుపు రాసినట్టు అయిపోయాయి. స్విచ్చులన్నీ చీపురు పుల్లతో నొక్కి చూసింది. నీళ్ళ ట్యాంకు మూత తీయించి, లోపల ఎవరూ చచ్చి పడి లేరని కళ్ళతో చూసి తృప్తి పడింది. మధ్యమధ్య ఆగి రాసుకుంటోంది. మోహనకృష్ణ మెడ సాచి చదివాడు. ‘కప్పు. తీగలు. పాములు?’

“పాముల్లేవండీ, మా అమ్మ తోడు!”

“నువ్వు బస్తాలన్నీ జరిపి చూశావా?”

“బస్తాలే లేవు కదండీ ఇప్పుడు.”

“మరి బస్తాలు పోయినప్పుడు పాములెక్కడికి పోయినయ్?”

ఆ సంభాషణ ఎటు తిరిగేదో గాని, మూడో గదిలోంచి అచ్చమ్మ బయటికొచ్చింది. పసుపంటిన నైటీ, జుట్టుకు రంగు, నోట్లో కిళ్ళీ. ఆమె పేరంటాలును ఎప్పుడూ చూడలేదు. ఫోనులో ఒక్కసారే విన్నది. కానీ ఇలా భయపడే గొంతు ఆంధ్రదేశంలో రెండోది ఉండదు. మోహనకృష్ణ ఎవరనుకుని చెమటలు కక్కుతున్నాడో కూడా ఆమెకు అర్థమైంది. పసుపు మొహాన్ని ఎగాదిగా చూసి, రెండు చేతులూ జోడించి, “ఆడిట్ మేడమ్ గారూ, నమస్కారమండీ!” అంది గోడౌను అదిరేట్టు.

“నేను ఆడి...” అనబోయిన పేరంటాలు చెయ్యి పట్టుకుని గుంజింది. “మా ఆడోళ్ళ ఇబ్బందులు కొన్ని ఉంటయ్యండి, మగాళ్ళ ముందు చెప్పుకోలేం,” అని మోహనకృష్ణ మొహం మీదే తలుపు మూసింది.

లోపలికి పోగానే, ఫోనులో విన్న గొంతు గుర్తుపట్టి పేరంటాలు ఆమె చెయ్యి పట్టుకుంది. “అచ్చమ్మక్కా, నేను ఆడిట్ కాదు! పోలీసులొస్తే?”

“నువ్వన్నావా ఆడిట్ అని? ఆయన అనుకున్నాడు. మనల్ని చూసి జనం అనుకునేదానికంతా మనం జైలుకి పోవాల్సొస్తే, నేను పుట్టింది మొదలు జైల్లోనే ఉండాలి.” కిళ్ళీ బుగ్గన పెట్టుకుంది. “చూశావా ఈ గది? పొద్దున లేచేసరికి అందరం పెళ్ళికూతుళ్ళమే. అరవయ్యేళ్ళకి నాకు పసుపు పెట్టింది ఈ గోడలే. పెళ్ళికొడుకొక్కడే తక్కువ. మా చర్చిలో తెలిస్తే పాస్టరు గారు కుర్చీలోంచి పడతాడు.”

“నవ్వుతావేంటక్కా. గది బానే ఉంది కదా. మరి అదెందుకు రానంటంది?”

అచ్చమ్మ తలుపు వైపు చూపించింది. “ఏదీ, గడియ వెయ్యి.”

పేరంటాలు గడియ కోసం వెతికింది. పైన చూసింది, కింద చూసింది. లోపలి వైపు తలుపు నున్నగా ఉంది. తీసి బయట చూస్తే, చెయ్యంత లావున ఇనప గడియ.

“గోడౌను తలుపులే కోసి పెట్టారు. బస్తాకి లోపలి గడియ ఎందుకు? అది లేచి తలుపేసుకోదు కదా.”

“మరి మీరెట్టా పడుకుంటన్నారు?”

“ఒక్కొక్కళ్ళం ఒక్కొక్క ఏర్పాటు. నేనైతే తలుపుకి వీపానించి పడుకుంటా. నా సైజు చూశావుగా, లారీ వచ్చి గుద్దినా తెరుచుకోదు.”

“అడగలేదా వాళ్ళని?”

అచ్చమ్మ మొదటిసారి నవ్వకుండా చూసింది. “ఏమని అడగను? బెంచీ మీద పడుకున్నదాన్ని తెచ్చి తలుపున్న గదిచ్చారు. గడియ కూడా కావాలంటే, వీళ్ళకి ఎంతిచ్చినా చాలదంటారు. కప్పు కూడా పీకి పట్టుకుపోతారని నోరు మూసుకున్నాం. కానీ ఇందుకి బయట గడియ చూస్తే కాళ్ళాడవు. బాపట్ల సంగతి నీకు తెలవదుగా?”

“బాపట్లలో ఏమైంది?”

“అక్కడ అద్దెకుండేది కదా. ఇంటాయన కూతురికి నిశ్చితార్థం వచ్చింది. చుట్టాలొస్తారు, ఇది కనపడకూడదు. బయట గడియ పెట్టాడు, గదికి కరెంటు తీసేశాడు. సాయంత్రం తీస్తానన్నాడంట. వంటలు, వడ్డనలు, ఆ హడావిడిలో మర్చిపోయి, పెళ్ళికొడుకు ఊరు పోయాడు. రెండు రోజులు.”

“ఎప్పుడు?”

“మొన్న ఎండాకాలం.”

పేరంటాలు వెతుక్కుంది. మొన్న ఎండాకాలంలో తను ఒక్క సాయంత్రం కూడా ఫోను మానలేదు. “నేను చేశానే. రోజూ ఎత్తిందే.”

“ఎత్తింది. మీ పక్కింటి గేదె ఈనిన సంగతి ముప్పావు గంట చెప్పావంట. ఛార్జింగంతా దానికే సరిపోయింది. చివరికి ఒక్క గీత మిగిలితే మర్నాడు నాకు చేసింది. మేం పోయి తలుపు పగలగొట్టి తీసుకొచ్చాం.”

పేరంటాలు గోడకు ఆనుకుంది. ఆ గేదె ఆమెకు గుర్తుంది. దూడ అడ్డం తిరిగింది. తల్లీపిల్లా ఇద్దరూ పోతారేమోనని ఆ రోజు ఫోనులో ఏడ్చింది కూడా. అవతల చీకట్లో, చెమటల్లో కూర్చుని ఇందు ఆ ఏడుపు విన్నది. తలుపు తియ్యమని అడగలేదు, అమ్మా అనలేదు, ఫోను పెట్టెయ్యనూ లేదు.

పాముల గురించి భయపడింది తను, లారీల గురించి, దోమల గురించి, కూల్‌డ్రింకుల గురించి. ఇన్ని భయాల్లో గడియ ఒక్కటి లేకపోయింది.

కొంగుతో మొహం తుడుచుకుంటే పసుపు ఇంకాస్త పరుచుకుంది. నోటు పుస్తకంలో పాములు కొట్టేసి, తలుపు తీసుకుని బయటికొచ్చింది.

“ఈ తలుపులకి లోపల గడియలేవి?”

“అవి ప్లానులో లేవండి,” అన్నాడు మోహనకృష్ణ.

“బయటివి ఉన్నయ్యా ప్లానులో?”

“అవి ముందునుంచీ ఉన్నయ్యండి.”

“మీ ఇంట్లో, నువ్వూ నీ పెళ్ళామూ పడుకునే గదికి గడియ ఎటేపుంటది నాయనా?”

తొమ్మిది గదుల్లోంచి తొమ్మిది నవ్వులు వచ్చాయి. మోహనకృష్ణ చెవులు ఎర్రబడ్డాయి. సోమవారం పెట్టిస్తానన్నాడు. పేరంటాలు పదో గది గుమ్మం మీద కూర్చుంది.

“ఇవాళ. సాయంత్రం పేరు కొట్టేసేలోపల.”

పన్నెండింటికి వడ్రంగి వీరబ్రహ్మం సంచి భుజాన వేసుకొచ్చాడు. తలుపు అటూ ఇటూ తిప్పి చూసి, “కొత్తవి తేవటం దేనికండీ? బయటున్న గడియే ఊడదీసి లోపల బిగిస్తే సరిపోయిద్ది,” అన్నాడు. అంత తేలికైన సంగతి ఇంతవరకూ ఎవరికీ తట్టలేదని మోహనకృష్ణ కూడా ఒప్పుకున్నాడు.

“మరి బయటికి పోయినప్పుడు తాళం ఎట్టా?” అంది పేరంటాలు, వెంటనే భయమేసి.

“ఎప్పుడూ ఎవరో ఒకళ్ళం ఉంటాంలే,” అంది అచ్చమ్మ. “దొంగెవడన్నా వస్తే వాడి దగ్గర మేమే అడుక్కుంటాం.”

వీరబ్రహ్మం నెమ్మదైన మనిషి. ఒక్కో గడియకు అరగంట పైనే. మధ్యలో అన్నం తిన్నాడు, టీ తాగాడు, గోడౌను తలుపుల టేకు ఎంత మంచిదో ఉపన్యాసం చెప్పాడు. బిగించిన ప్రతి గదిలో ఉన్నవాళ్ళు లోపలికి పోయి గడియ వేసుకోవడం, తియ్యడం, మళ్ళీ వేసుకోవడం. ఒకామె లోపల గడియ వేసుకుని పావుగంట రాలేదు. ఏమైందోనని పేరంటాలు తలుపు బాదితే, “ఏం లేదమ్మా, ఊరికే కూర్చున్నా,” అంది.

అయిదవుతుండగా తొమ్మిదో గది పూర్తయింది. అప్పుడే స్కూటరు దిగింది సుజన. ఈ గదుల పని చూసే ఉద్యోగి. ముప్పయ్యేళ్ళు కూడా ఉండవు. రెండు నెలలుగా ఇంటింటికీ తిరిగి, కాదనిపించుకుని కాదనిపించుకుని, నవ్వడం మర్చిపోయిన మొహం. చేతిలో పేర్ల లిస్టు.

“ఎవరండీ ఈవిడ?”

“ఆడిట్ మేడమ్ అండి,” అన్నాడు మోహనకృష్ణ గొంతు తగ్గించి.

“ఆడిట్ వచ్చేది సోమవారం కదా. నాకు చెప్పకుండా ఎట్టా వస్తారు? అమ్మా, మీ కార్డు చూపిస్తారా?”

ఇన్నేళ్ళూ ఏది జరుగుతుందోనని పేరంటాలు భయపడుతూ వచ్చిందో అలాంటిది ఒకటి మొదటిసారి నిజంగా జరిగింది. సంచిలో చెయ్యి పెట్టింది. అందులో పుస్తకం, పెన్ను, తిరుగు టిక్కెట్టు ఉన్నాయి.

“నేను ఆడిట్ అని అనలేదండి,” అంది.

“అనలేదా?” మోహనకృష్ణ లేచాడు. పొద్దుట్నుంచీ పడిన చెమటంతా ఒక్కసారి కోపమైంది. “ఆగవయ్యా వీరబ్రహ్మం! ఇదంతా దొంగ వేషం! నా బండి నంబరెందుకు రాసుకున్నావ్? ఎవరు పంపారు నిన్ను? మేడమ్, పోలీసులకి ఫోను చెయ్యండి. ఆ తొమ్మిది గడియలూ పీకించి, ఎక్కడివక్కడ పెట్టిస్తా నేను!”

నేను ఇందు అమ్మని, అంటే అయిపోయేది. అనడానికి నోరు తెరిచింది కూడా. కానీ ఆ మాట అనే హక్కు తనకుందో లేదో ఇందును అడగలేదు. రేపు వీళ్ళు ఇందును అడిగితే, ఆవిడెవరో నాకు తెలియదంటే? గది కోసం వచ్చి గదే పోగొడితే?

గేటు చప్పుడైంది. ఇందు వచ్చింది. మధ్యాహ్నమే అచ్చమ్మ ఫోను చేసి, “మీ అమ్మొచ్చి ఇక్కడ అందరికీ దుమ్ము దులుపుతంది, రా, టిక్కెట్టు లేని సినిమా,” అని చెప్పిందట. కదిలి రావడానికి ఇందుకి మూడు గంటలు పట్టింది. ఆకుపచ్చ చీర, చిక్కిపోయిన భుజాలు, భుజాన ఒక బ్యాగు. గేటు దాటి నాలుగడుగులు వేసి ఆగింది.

పోలీసులూ, ఆడిటూ, మోహనకృష్ణా అన్నీ పేరంటాలు బుర్రలోంచి ఎగిరిపోయాయి. ఆమె చూపు ఇందు కాళ్ళ మీద పడింది.

“చెప్పులేవే?” అని అరిచింది. “ఉత్త కాళ్ళతో పట్టాల పక్కన నడిచొచ్చావా? గాజుపెంకు గుచ్చుకుంటే? ధనుర్వాతం వస్తే?”

ఆ ‘వే’ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

సుజన లిస్టు దించి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “ఇందూ, ఈవిడ నీకు తెలుసా?”

“చెప్పు,” అన్నాడు మోహనకృష్ణ. “ఆడిట్ మనిషేనా ఈమె, కాదా? నీ నోటితో చెప్పు.”

ఇందు మాట్లాడలేదు. వరస తలుపుల వైపు చూసింది. తొమ్మిది తలుపుల మీదా బయట గడియ ఉన్న చోట నాలుగేసి బెజ్జాలు, లోపల గడియ. పదో తలుపుకు బయట గడియ ఊడి, ఒక్క మేకు మీద వేలాడుతోంది. వీరబ్రహ్మం చేతిలో స్క్రూడ్రైవరు అట్లాగే ఉంది. అచ్చమ్మ కిళ్ళీ నమలడం ఆపింది. దూరంగా రేపల్లె పోయే రైలు కూసింది. పేరంటాలు ఎక్కవలసిన రైలే.

పేరంటాలు కూడా మాట్లాడలేదు. ఏడేళ్ళు ఆ మౌనంలోకి రోజూ ఏదో ఒకటి పోస్తూనే ఉంది తను, గేదెలనీ, పాముల్నీ, దగ్గుల్నీ. ఇప్పుడు నోటి చివరికొచ్చిన ధనుర్వాతం సూది మాటను కూడా మింగి, పసుపు మొహంతో గుమ్మం మీద కూర్చుని ఎదురుచూసింది. తెలియదంటే తెలియదనే అననీ. గడియ మాత్రం లోపలికి మారాలి.

ఇందు పదో తలుపు దాకా నడిచింది. వేలాడుతున్న గడియను ఒక చేత్తో లాగి ఊడదీసి వీరబ్రహ్మానికి అందించింది.

“ఆడిట్ కాదండి,” అంది. గొంతు బొంగురుగా ఉంది. “ఆడిటోళ్ళయితే సంతకం పెట్టి పోతారు. ఈవిడ మా అమ్మ. ఈవిడ పోదు. మీరు గడియ బిగించెయ్యండి.”